ఎవరి రక్తమక్కా?

"ఆ ఆకురసం ఒక్క గుక్క పొయ్యక్కా, నీకు దణ్ణం పెడతా!"

తమ్ముడు అక్క పరిశోధన చేసే ల్యాబుకే వచ్చి ఆమె కాళ్ళావేళ్ళా పడుతున్నాడు. మత్తు కోసం పొడుచుకునే సూదుల పుణ్యమా అని అతనికి జ్వరం వదలడం లేదు, చేతి మీద పుండు మానడం లేదు.

"అది గాజుపళ్ళెంలో కణాల్నే కాపాడిందిరా. మనిషి ఒంట్లో ఏం చేస్తుందో ఇంకా ఎవరికీ తెలీదు. కావాలంటే చూడు."

అతను మైక్రోస్కోపులోకి తొంగిచూశాడు. మత్తుమందు పడిన తెల్ల రక్తకణాలు చితికిపోయి ఉన్నాయి. ముందుగా ఆకురసం పోసిన పళ్ళెంలోవి మాత్రం గుండ్రంగా, నిక్షేపంగా ఉన్నాయి.

"ఎవరి రక్తమక్కా ఇది?"

"నాదే. మత్తుమందు పరీక్ష అనేసరికి రక్తం ఇస్తామన్నవాళ్ళంతా మొహం చాటేశారు."

"ఆ చచ్చినవీ నీవేనా?"

ఆమె తలూపింది. అతను చొక్కా చెయ్యి పైకి లాగాడు.

"ఇక నీది తియ్యకు. నాది తీసుకో."

ఆమె అతని రెండు చేతులూ మోచేతి నుంచి మణికట్టు దాకా తడిమింది. సూది దిగే నరం ఒక్కటీ మిగల్లేదు. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"పాదంలో ఒకటుందిలే," అంటూ అతను బూటు విప్పాడు. "పొడుచుకోడానికి ఇదొక్కటే మిగుల్చుకున్నానక్కా. తీసుకో."