నాన్నగారి కణాలు

నాన్నగారు పోయిన పదోరోజున అమ్మ తన గాజులు తియ్యనివ్వలేదు.

"ఆయన కాలేయంలోంచి తీసిన కణితి ముక్క నీ ల్యాబులో పెరుగుతోందన్నావుగా. ఇంకా బతికే ఉన్నారు కదే" అంది. గాజులు అలాగే ఉండిపోయేయి.

ఏళ్ల తరవాత, ఈ వేళ ముక్తేశ్వరంలో బస్సు దిగి, గుమ్మంలోంచే కేకేశాను.

"అమ్మా, సాధించేం! ఏ ప్రొటీనూ తయారుచెయ్యని పొడవాటి ఆర్‌ఎన్‌ఏ ఒకటి ఆ కణితిని పెంచుతోంది. దాని నోరు నొక్కేసేం."

"నొక్కేస్తే?"

"కేన్సరు కణాలన్నీ చచ్చిపోయేయి. ఒక్కటీ మిగల్లేదు!"

అమ్మ నావంక చూసింది. "మీ నాన్నగారివేనా?"

నా నవ్వు ఆగిపోయింది. "అవునమ్మా."

"మంచి పనే చేసేవు. ఎవరి ప్రాణమో నిలబడుతుంది" అంటూ గాజులు ఒక్కొక్కటే తీసి గూట్లో పెట్టింది.

"నూతిలో నీళ్లు తోడవే. ఇద్దరం తలమీంచి పోసుకోవాలి."