గోటికి తగిలిన గీత

అజైబాలో ఆ విల్లా గేటు దాటేటప్పటికి ఖాదర్‌వలి జేబులో పాతిక రియాళ్లు, చేతిలో చిన్న టార్చి ఉన్నాయి. వెనకే తబ్రేజ్ కారు వచ్చి ఆగింది.

"మళ్లీ తగలడ్డావా?" అన్నాడు ఖాదర్‌వలి.

"నువ్వు ఎక్కడుంటే నేనక్కడే, భాయ్."

రూవి బజారులో ఇద్దరివీ పాత గ్రామఫోను రికార్డుల కొట్లే. రికార్డు మంచిచెడ్డలు తబ్రేజ్‌కు తెలియవు, తెలుసుకునే ఓపికా లేదు. ఖాదర్‌వలి దేనికి బేరం పెడితే దానికి పైపాట పాడి ఎత్తుకుపోవడమే అతని వ్యాపారం. ఏడాదిగా ఖాదర్‌వలి కొట్టుకు మంచి సరుకన్నది రాలేదు. ఇంకొన్నాళ్లు ఇట్లాగే సాగితే షట్టరు దించుకోవాల్సిందే.

విల్లావాళ్లు దేశం విడిచి పోతున్నారు. సామాన్లు అమ్మే బాధ్యత ఇంట్లో పనిచేసే కడప జైనబీది. వరండాలో సోఫాలు, పూలకుండీల మధ్య బల్ల మీద ఒక అట్టపెట్టె ఉంది. దాని నిండా సోల్, ఫంక్ అనే పాతకాలపు ఇంగ్లీషు పాటల చిన్న రికార్డులు.

ఖాదర్‌వలి ఒకటి తీసి కంటి ఎత్తున అడ్డంగా పట్టాడు. "అంచు వంగిపోయింది. ఎండలో కారులో పడేసుంటారు."

"కంటితో చూడు, నోటితో కాదు," అంది జైనబీ.

ఇంకొకదాని మీద టార్చి వేసి, గోరు ఆనించాడు. "ఈ గీత గోటికి తగులుతాంది. గోటికి తగిలింది సూదికి తగలదా? పాట ఆడాడే కొట్టుకుంటాది."

"కొనేదుంటే కొను, ల్యాకుంటే కింద పెట్టు. పొద్దున్నుంచి నీలాంటోళ్లను శానామందిని చూసినా."

తబ్రేజ్ నవ్వాడు. "వంక పెడుతున్నావంటే మనసు పడ్డట్టే, భాయ్. నాకు తెల్వదా?"

"నీకేం తెలుసురా? రికార్డు పట్టుకోవడం కూడా రాదు."

"నాకెందుకు? నీకు వస్తది కదా."

ఖాదర్‌వలి పళ్లు కొరికాడు. "పదిహేను."

"ఇరవై," అన్నాడు తబ్రేజ్.

"పాతిక."

"ముప్పై."

ఖాదర్‌వలి పెట్టెను రెండు చేతులా వాటేసుకున్నాడు. "నలభై!"

"జేబులో ఉండాయా?" అంది జైనబీ.

"కొట్టు అమ్మి ఇస్తా. నీకెందుకు?"

"యాభై. రొక్కం," అంటూ తబ్రేజ్ నోట్లు బల్ల మీద కొట్టాడు.

"తబ్రేజ్, చెప్తున్నా విను. వీటిల్లో సగం మోగవు."

"ఏడుపు ఆపి చెయ్యి తియ్!"

జైనబీ ఖాదర్‌వలి చేతులను పెట్టె మీంచి విదిలించింది. "దుడ్లిచ్చినోనిదే సరుకు. నువ్వు బయటికి నడువు."

తబ్రేజ్ పెట్టెను కారులో వేసుకుని, పోతూ పోతూ రెండుసార్లు హారన్ కొట్టాడు. ఖాదర్‌వలి గోడ నీడన నిలబడి, కారు మలుపు తిరిగేదాకా చూశాడు.

కాసేపటికి జైనబీ గేటు తీసి బయటికి వచ్చింది.

తన వాటా పది ఉంచుకుని, పెట్టె సొంతదారు ఖాదర్‌వలి చేతిలో నలభై పెట్టింది.