దాలమ్మ తీసుకోని పువ్వు

ముందుగా గాజుల చప్పుడు వినిపించింది. ఆ తరువాతే తలుపు సందులో దాలమ్మ ముఖం కనిపించింది.

“ఎవులు?”

“నేనే,” అన్నాడు నూకరాజు, అట్టపెట్టెను గుండెకు ఆనించుకుని.

“నేనంటే?”

ఆరు రోజులుగా అదే ప్రశ్న. రైల్వే వాళ్ల ట్రాఫిక్ కాలనీలోని ఆ వీధి ఆ ప్రశ్నకు అలవాటుపడిపోయింది. బట్టలు ఆరవేస్తున్న పక్కింటి చంద్రకళ గోడ మీదుగా తొంగిచూసింది.

“ఏటి బాబాయ్, ఈరోజైనా పిన్ని తీసుకుంటాదేటి?”

“సూడాలమ్మా.”

ఆ పువ్వును దాలమ్మ చేతిలో పెట్టాలి. నూకరాజుకు ఇక మిగిలిన కోరిక అదొక్కటే. చెప్పులు వాటి చోట విడిచి, లోపలికి వెళ్లి, గోడవార నిలబడ్డాడు. ఆమె కూర్చోమనలేదు. ఆయన పెట్టె తెరిచాడు. కాగితంలా ఎండిన తెల్లని దొప్పల నడుమ, ఊదారంగు పూల గుత్తి.

“బ్రహ్మకమలం. కేదారనాథ్‌లో ప్రసాదంగా ఇచ్చినారు.”

“నాకు తెలీదేటి? బ్రహ్మకమలం మా కుండీలో పూస్తాది. ఇదేదో సామంతిలాగుంది.”

“సామంతి కులమే. కుండీలోది కాదు, ఇదే అసలుది. మంచుకొండల్లో పూస్తాది.”

ఆమె కళ్లలో ఏదో కదిలింది. నూకరాజు పెట్టెను కాస్త ముందుకు జరిపాడు.

“మా ఇంటాయనా ఇదే మాటన్నాడు. అసలుది తెచ్చి సూపిస్తానని, రైలు పాసు రాయించుకుని కొండలకెల్లినాడు. ఇంకా రాలేదు.”

“ఇది ఆయన తెచ్చిందే. తీసుకో.”

“తెచ్చినోడు ఏడీ? పరాయి మొగోడి చేతి పువ్వు నేను ముట్టుకుంటానేటి? సిగ్గులేదా నీకు?”

ఆయన పెట్టె మీద మూత పెట్టాడు. అంతలో రైల్వే వర్క్‌షాపులో పని వదిలే సైరన్ మోగింది. ఆ మోతకు దాలమ్మ కోపం మరిచింది. గుమ్మం వైపు చూసింది, చూసింది, చూసి చూసి ఏడ్చింది.

“దాదా, నువ్వు మంచోడిలాగున్నావు. టేసనుకెల్లి మైకులో పిలిపించు. అంత పొడుగు ప్లాట్‌ఫారం, ఏ మూల తప్పిపోయినాడో.”

ఈ ఊరి బెంగాలీలో ‘అన్నా’ అనే ఆ పిలుపుకు నూకరాజు తల వంచుకున్నాడు.

“పిలిపిస్తాను. పేరు సెప్పు.”

“మొగుడి పేరా!”

గాజుల చేతిని నోటికి అడ్డం పెట్టుకుంది. నలభై మూడేళ్ల కాపురంలో ఆ పేరు ఆమె పెదవి దాటలేదు. రేషన్ దుకాణంలో అడిగినా, ఆసుపత్రిలో అడిగినా పక్కవాళ్లే అందుకుని చెప్పారు.

“పేరు లేకపోతే మైకులో ఏమని పిలుస్తారు?” అన్నాడు నూకరాజు.

ఆమె కొంగు తలమీదికి లాక్కుంది. పుస్తెలు కళ్లకద్దుకుంది. అటూ ఇటూ చూసి, ఒక అడుగు ముందుకు వేసింది.

“నూకరాజు,” అంది.