నీళ్ల నొప్పి

"డాక్టరు సారు ఏం చెప్పిండో నీ మాటలల్ల నాకు జెప్పు, అవ్వా," అంది ఎస్తేరు. రోగులు విన్నది వాళ్లతోనే చెప్పించి, కాగితం మీద రాసివ్వడం క్యాన్సర్ దవాఖానలో ఆమె పని.

"రొమ్ముల రోగం ఎముకలకు పాకిందన్నడు. నెలనెలా సూదికి రమ్మన్నడు," బిక్షమ్మ తేలిగ్గా చెప్పింది. "సారుకు మా మర్రిగూడ ఫ్లోరైడు నీళ్ల సంగతి ఎర్కలేదు పాపం. మా ఊర్ల అందరివీ గివే ఎముకలు. నీళ్ల నొప్పికి సూదెందుకు?"

"నాదీ మర్రిగూడనే అవ్వా. గిది నీళ్ల నొప్పి కాదు, గా రోగమే. సూది తప్పొద్దు."

బిక్షమ్మ నడుం మీద చెయ్యి వేసుకుంది.

"రెండూ నడుములనే ఉంటయి గద బిడ్డా. తేడా ఎట్ల తెలుస్తది?"

"నీళ్ల నొప్పి పండుకుంటే జర నిమ్మలమైతది. గిది పండుకున్నా తగ్గది."

"గది రాయి బిడ్డా. ఇంటికి పోతే నాకు యాదికుండదు."

ఎస్తేరు పెన్ను కాగితం మీదే ఆగిపోయింది. తన అమ్మకు రొమ్ము ఆపరేషనైన ఏడాదికి నడుం నొప్పి మొదలైంది. "పండుకున్నా తగ్గుత లేదు బిడ్డా," అని అమ్మ చివరిదాకా చెబుతూనే ఉంది.

"మనూరి నీళ్లే అమ్మా," అంటూ ఆ నడుముకు రోజూ నూనె రాసింది తనే.