గోడమీది కార్డు

"ఇటు తిప్పమంటే అటు తిప్పుతారేం? ఒక్కమాట చెవికెక్కదు కదా!"

భర్త కిక్కురుమనకుండా కాగితాన్ని ఇటు తిప్పాడు. ఆమె సన్నకత్తి ఆనించి 'క' పొట్టలోని వంపు కోసింది. ఈ పనిలో కత్తి కదలకూడదు, కాగితం తిరగాలి. అప్పుడే వంపు నున్నగా వస్తుంది. అలా ఒకే అక్షరాన్ని మందపాటి కాగితంలో ఐదుసార్లు కోసి, ఒకదానిమీద ఒకటి అంటిస్తే అక్షరం కార్డుమీద లేచి నిలబడుతుంది. అంచులు వెంట్రుకవాసి తప్పినా మెట్లుమెట్లుగా కనబడి పరువు తీస్తాయి.

ఆమె అక్షరాలు నిక్షేపంగా పరువు తీస్తున్నాయి.

ఎవరూ చెప్పక్కర్లేదు. ఎదురుగా గోడమీద, ఇదివరకు ఈ కొట్టులో కార్డులు చేసిన ఆవిడ కార్డు ఉంది. నీటిరంగు పూసిన అట్ట, దానిమీద పాత మ్యాపు ముక్క, ఓ వారగా లేసు, మూడు గుండీలు, వాటి మధ్య ఒక్క అంచూ చెదరని తెల్లటి కాగితపు అక్షరాలు. ఆ కార్డంటే ఆమెకి ఒళ్ళుమంట. ముందుగదిలోని ఈ చిన్న కొట్టుకి ఎవరొచ్చినా ఆమె చేసిన కార్డు చేతిలోకి తీసుకుంటారు, చూపు మాత్రం గోడకి అప్పగిస్తారు.

"దాన్ని తీసెయ్యమంటే తియ్యరేం?"

"ఉండనీ."

"ఆవిడమీద అంత మమకారముంటే ఆవిడతోనే చేయించుకోండి. నా ప్రాణం ఎందుకు తీస్తారు?"

"ఆవిణ్ణేమీ అనకు," అన్నాడు భర్త మెల్లగా. "కాగితం తిప్పనా?"

ఆ మెల్లదనానికే ఆమెకి ఒళ్ళంతా కారం రాసినట్టుండేది. మనిషి కేకలేస్తే ఎదురు కేకలెయ్యొచ్చు. జాలిపడే మనిషిని ఏం చేసుకోవాలి?

అసలు ఈ తగువు రాజేసింది కళ్ళజోళ్ళ దుకాణం ఆయన. అక్కగారితో మాటల్లేక ఏళ్ళు గడిచాయట. నోటితో చెప్పలేనిది చేత్తో చేసిన కార్డుతో చెబుదామనుకున్నాడు, ఆ చెయ్యి ఇంకొకరిదైతేనేం. 'మా అక్కయ్యకి' అని లేచిన అక్షరాలు కావాలన్నాడు. అంతలో గోడమీద చూపు పడింది.

"మా వియ్యపురాలింట్లో చూసింది ఈ పనే! అచ్చం ఇలాగే కావాలి. ఆవిణ్ణి ఓసారి పిలుస్తారా?"

"ఆవిడ లేదండీ," అంది ఆమె. "పోయింది."

భర్త చటుక్కున తలెత్తాడు.

"అయ్యో పాపం. మరి... మీరు చెయ్యగలరా?"

ఆ 'మీరు' ఆమెకి చురుక్కుమంది. చేస్తానంది. ఈ ఒక్క కార్డూ నెగ్గితే గోడమీది ఆవిణ్ణి ఇక ఎవరూ తలవరు. నెగ్గకపోతే కత్తి పక్కన పడేసి, ఎవరో అచ్చేసిన కార్డులు అమ్ముకుంటూ గల్లాపెట్టె దగ్గర కూర్చోవడమే. ఆ బతుకు తలుచుకుంటేనే ఆమెకి భయమేసింది.

ఆ భయంతోనే కోసింది, అంటించింది, పీకింది, మళ్ళీ కోసింది. భర్తని తిట్టింది, జిగురుని తిట్టింది, గోడకేసి చూసి ఆవిణ్ణి తిట్టింది.

కళ్ళజోళ్ళాయన మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. కార్డు అందుకుని, అలవాటు ప్రకారం కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు. వేలితో అక్షరాల అంచులు తడిమాడు. లేచి గోడ దగ్గరికెళ్ళి దాన్నీ తడిమాడు.

"ఏమనుకోకండమ్మా," అన్నాడు. "ఆవిడది పుట్టుకతో వచ్చిన చెయ్యి. మీది... పోనీ, బాగానే కష్టపడ్డారు."

కార్డు బల్లమీద పెట్టేసి చెప్పుల వైపు నడిచాడు.

ఆమె లేచింది. ఒక్క లాగుతో గోడమీది కార్డు ఊడబెరికింది. పిన్నులు నేలమీద రాలాయి. అంచు పళ్ళ మధ్య బిగించి గుంజింది. మందపాటి అట్ట, లొంగలేదు. మళ్ళీ గుంజింది. కోపానికి కన్నీళ్ళు కూడా తోడయ్యాయి.

భర్త దగ్గరకొచ్చాడు. ఆపుతాడనుకుంది. అతను కార్డు రెండో అంచు గట్టిగా పట్టుకున్నాడు.

"నేను పట్టుకున్నాను. లాగు," అన్నాడు.

కళ్ళజోళ్ళాయన గుమ్మంలోంచి వెనక్కి ఉరికొచ్చాడు.

"మీకేమైనా మతిపోయిందా? చెయ్యడం చేతకాకపోతే పోయింది, పోయినావిడ కష్టాన్ని చింపుతారా? అంత అసూయేంటమ్మా? దాన్ని చింపడానికి మీకేం హక్కుంది?"

భర్త కార్డు వదిలేసి, ఏడాదిన్నర కిందట పక్షవాతానికి చచ్చుబడి ఆమె శాలువా చాటున వేలాడుతున్న కుడిచేతిని రెండు చేతులతో పైకెత్తి, "దాన్ని చేసిన చెయ్యి ఇదేనండీ," అన్నాడు.