ముందు బెంచీలో గురక

ప్రసంగం మంచి రసపట్టులో ఉండగా ముందు బెంచీలో వడ్రంగి తాత గురక మైకుతో పోటీపడింది. చర్చి అంతా ముసిముసిగా నవ్వుకుంది.

ఇక ఊరుకుంటే లాభం లేదని, ఆరాధన కాగానే పాస్టరుగారు తాత కోడలిని పక్కకు పిలిచారు.

"చూడమ్మా, మీ మావగారికి అంత నిద్రొస్తుంటే ఇంట్లోనే పడుకోమనొచ్చుగా?"

కోడలు తల దించుకుంది. "ఇంట్లో నిద్రపట్టదండి. అత్తయ్య పోయినప్పటినుంచీ తెల్లవార్లూ ఏవో చెక్కలు సర్దుతూ కూర్చుంటారు. ఏసయ్య సన్నిధిలో మీ గొంతు వింటుంటే మనసు కుదుటపడి, కన్ను దానంతటదే మూతపడుతుందంట. ఆయనకి సుఖనిద్రంటే అదొక్కటేనండి."



మరుసటి ఆదివారం గురక మొదలవగానే ఆయన గొంతు తగ్గించారు. వెనక బెంచీలవాళ్లు గడియారాలు చూసుకుంటున్నా, తాత మేలుకునేదాకా ప్రసంగం ఆపలేదు.