జగన్నాధం వంతెన

గుడ్డ తొలగించగానే రాతి మీద భర్త పేరు కనబడింది. ఈశ్వరి తల వంచుకుంది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె ఆ పేరు ఒక్కసారి కూడా నోటితో పలకలేదు.

"సూసినావా వదినా? ఈ వంతెనకి పేరెట్టే బిల్లు అసెంబ్లీలో పాసయినాది. అన్నియ్య పేరు ఇంక ఎవుడూ తియ్యలేడు," అన్నాడు పక్కనున్న మరిది. ఊరి సర్పంచి. పేరు కోసమని ఆమె చేత అర్జీ మీద సంతకం పెట్టించుకెళ్లింది అతడే.

రెండేళ్ల కిందట వానాకాలంలో, బడిపిల్లల్ని గెడ్డ దాటిస్తూ జగన్నాధం కొట్టుకుపోయాడు. వంతెన ఆ రేవులోనే వస్తుందని ఊరంతా అనుకుంది. వచ్చింది మాత్రం మూడు కిలోమీటర్ల దిగువన.

"మన రేవుకి గదా అడిగినాం. ఇక్కడెందుకు కట్టినారు?"

"ఇంజినీర్లు ఇక్కడే బాగుంటాదన్నారు వదినా."

ఆమె తలెత్తి అవతలి ఒడ్డు చూసింది. నిన్నటి దాకా జీడితోట. ఇవాళ వరుసగా పాతిన సరిహద్దు రాళ్లు, పెద్ద బోర్డు. 'జగన్నాధం నగర్. ప్లాట్లు అమ్మబడును.' కింద మరిది ఫోటో, ఫోన్ నంబరు.

"కారెక్కు వదినా. వంతెన మీంచి ఇంటికాడ దింపుతాను."

"జగన్నాధం సచ్చినాది ఇక్కడ కాదురా," అంది ఈశ్వరి.

కారెక్కలేదు. గట్టు వెంట మూడు కిలోమీటర్లు నడిచి, పాత రేవులో చీర ఎగదోపి, అవతలి ఒడ్డున ఉన్న ఇంటి వైపు గెడ్డలోకి దిగింది.